ముస్యూ జఖవ్యా

అక్టోబర్ 3, 2023, మంగళవారం

ఫ్రెంచ్ క్లాసులో టీచరమ్మ అందరినీ డైరీ రాయమంది. ఫ్రెంచిలోనే, రోజుకు పది వాక్యాలు. నిన్న మూడు రాశాను. నేను లేచాను. నేను కాఫీ తాగాను. నేను కృష్ణకాంత్. నాలుగో వాక్యం దగ్గర నా ఫ్రెంచ్ అయిపోయిందో, జీవితంలో విషయమే అయిపోయిందో తేలలేదు. అందుకని ఇది తెలుగులో, నా కోసం.

కాకపోతే పదకొండేళ్ళు చరిత్ర చెప్పినవాణ్ణి. రేపు ఏ పరిశోధకుడైనా ఈ నోటుబుక్కు తవ్వి తీస్తే పాపం తికమక పడకూడదు. వయసు నలభై రెండు. సొంతూరు నారాయణపేట, మగ్గాలోళ్ళ గల్లీ. అక్కడి కాలేజీలో గెస్ట్ లెక్చరర్, అంటే పదకొండేళ్ళూ అతిథినే. ప్రస్తుతం ఫ్రాన్సు దేశం, లియోన్ నగరం, క్రువా రూస్ అనే గుట్ట మీద నాలుగో అంతస్తు. వృత్తి, సుమన భర్త. సుమన టీకాల పరిశోధనలో పనిచేస్తుంది. 2018లో ఆమె వెనకాల సూట్‌కేసులు మోసుకుంటూ వచ్చాను. ఇప్పటికీ మోస్తూనే ఉన్నాను, కాకపోతే ఇప్పుడు కూరగాయలు.

వచ్చినప్పటి నుంచి ఊరికి పోలేదు. మొదట కరోనా. తర్వాత ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు రెన్యువల్. ఆ తర్వాత ఏదైనా ఉద్యోగం దొరికాక తలెత్తుకుని పోదామని. నిరుడు సుమన ఒక్కతే వెళ్ళొచ్చింది. నాకు ఫ్రెంచ్ పరీక్ష ఉందని ఊళ్ళో మా అక్కకు ఆమె చేత చెప్పించాను. పరీక్ష ఉన్న మాట నిజమే. రెండు నెలల తర్వాత.

అక్టోబర్ 6, శుక్రవారం

రెండో అంతస్తులో మదాం పెరాన్ ఉంటుంది. ఎనభై నాలుగేళ్ళు, ఒక్కతే. ఇక నుంచి మంగళ, శుక్రవారాలు నాలుగింటికి ఆమె ఇంట్లో కాఫీ. ఆమె నా ఫ్రెంచ్ దిద్దుతుంది, నేను ఆమె దగ్గర ఈ గుట్ట చరిత్ర రాబట్టుకుంటాను. లియోన్ నేతగాళ్ళ మీద పుస్తకం రాస్తున్నానని చెప్పాను. పుస్తకం పేరు ఖరారైంది. మిగతాది రాయాలి.

ఈ గుట్టంతా ఒకప్పుడు పట్టు నేసేవాళ్ళదే. మా గదుల కప్పు నాలుగు మీటర్ల ఎత్తు ఎందుకుందో ఇవాళ తెలిసింది. మగ్గం నెత్తిన, బట్టలో పూలు తేల్చే జకార్డు పెట్టె పట్టాలి కదా. మా దగ్గర మగ్గం కోసం నేల తవ్వుకుంటే, వీళ్ళు కప్పు లేపుకున్నారు. బట్ట వానకు తడవకుండా ఇళ్ళ మధ్యలోంచే దారులు పెట్టుకున్నారు, వాటిని ట్రబూల్ అంటారు. నేను వాటిలో రెండుసార్లు తప్పిపోయి, ఒకసారి ఎవరిదో చెత్తడబ్బాల గదిలో తేలాను. 1831లో కూలి కోసం తిరగబడి వీళ్ళు నగరాన్నే కొన్నాళ్ళు చేతిలోకి తీసుకున్నారు. ఈ మాట చెప్పేటప్పుడు మదాం పెరాన్ నిన్ననే అక్కడ నిలబడి వచ్చినదానిలా కాఫీ కప్పు బల్ల మీద కొట్టింది.

అసలు సంగతి ఇది. ఆమె తండ్రి పనిచేసిన పాత కార్ఖానాను ఇప్పుడు ఒక సంఘం నడుపుతోంది. వచ్చే ఏప్రిల్ నుంచి శనివారాలు అక్కడికి వచ్చేవాళ్ళకు మగ్గాలు చూపించి చరిత్ర చెప్పే మనిషి కావాలి. ఎవరిని పెట్టాలో తేల్చేది మదాం పెరానే. నేతగాడి కొడుకుని, చరిత్ర లెక్చరర్‌ని. ఈ లియోన్‌లో ఇంకెవడున్నాడు నాలాంటివాడు? ఫ్రెంచ్ ఒక్కటే తక్కువ.

లేచేటప్పుడు గుమ్మం దగ్గర మర్యాదగా "జె రెవియాన్" అన్నాను. మన "పోయొస్త". డిక్షనరీ చూసి పట్టుకున్నాను, ఎవరూ నేర్పలేదు. ఆమె ఏదో అడిగింది. "వీ, వీ" అన్నాను. అర్థం కానప్పుడు "వీ", అంటే అవును, అనడం నా విదేశాంగ విధానం.

అక్టోబర్ 17, మంగళవారం

నారాయణపేట నుంచి అండాలక్క ఫోన్. అమ్మా నాయినా పోయాక మగ్గం మీద కూర్చుని నన్ను ఎం.ఏ. దాకా చదివించింది ఈమే. ఈమెకు అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాదు. అయినా వచ్చింది.

"తమ్మీ, కొలువు ఏమాయెరా?"

"అయినట్టే అక్కా."

"అయినట్టేనా, అయిందా?"

"ఏప్రిల్ నుంచి. పాత మగ్గాల మ్యూజియం. నేనే ఇంచార్జి."

ఇంచార్జి అనే మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో నాకే తెలీదు. గంటలో కిరాణం భిక్షపతి ఫోన్ చేసి, "ఫ్రాన్సుల మగ్గాలన్ని నీ కిందికే వస్తయంట గద!" అన్నాడు. లేదనబుద్ధి కాలేదు.

అక్టోబర్ 31, మంగళవారం

మెట్ల మీద మూడో అంతస్తు పెద్దాయన నన్ను చూసి టోపీ తీసి, "బోంజూర్ ముస్యూ జఖవ్యా" అన్నాడు. వారం నుంచి అపార్ట్‌మెంట్‌లో అందరూ ఇలాగే పిలుస్తున్నారు. కృష్ణకాంత్‌లో కృ వీళ్ళకు గొంతులో ఇరుక్కుని ఖ అయి బయటికొస్తుంది, పాపం. ఐదేళ్ళలో ఒక్కరూ నా పేరు కనుక్కోలేదు, ఇప్పుడు చూడు. కలుపుగోలుగా ఉంటే ఎక్కడైనా బతకొచ్చు.

నవంబర్ 10, శుక్రవారం

మదాం పెరాన్ ఒక గిన్నెలో తెల్లగా ఏదో పెట్టి, దాని పేరు "నేతగాడి మెదడు" అంది. శుక్రవారం. నేను నేతగాడి కొడుకుని. ఏ రకంగా చూసినా తినకూడదు. ఆమె కళ్ళు పెద్దవి చేసేసరికి కళ్ళు మూసుకుని చెంచా నోట్లో పెట్టుకున్నాను. గడ్డ పెరుగులో వెల్లుల్లి, ఉల్లికాడలు, ఇంకేవో ఆకులు. మన పెరుగు పచ్చడి! మూడుసార్లు పెట్టించుకున్నాను. షావుకార్లు నేతగాళ్ళను వెక్కిరిస్తూ పెట్టిన పేరు అయి ఉంటుందని ఆమె చెప్పింది. ఇదొక్కటీ పుస్తకంలోకి ఎక్కించాలి.

లేచి "జె రెవియాన్" అన్నాను. ఈసారి ఆమె నవ్వలేదు. గడియారం చూపించి ఏదో అంది. "వీ, వీ."

నవంబర్ 14, మంగళవారం

పార్సిల్ కిందింటివాళ్ళు తీసి పెట్టారు. దాని మీద నా పేరుతో చీటీ. రాతలో ఇంకోలా ఉంది, అయినా మనకోసం కష్టపడి రాశారు కదా. ఫ్రిజ్ మీద అంటించాను.

నవంబర్ 24, శుక్రవారం

మదాం పెరాన్ ఈ మధ్య సగం కప్పే పోస్తోంది. వయసు కదా, చెయ్యి వణుకుతుందేమో.

డిసెంబర్ 8, శుక్రవారం

ఇవాళ లియోన్‌కు దీపాల పండుగ. ప్రతి కిటికీలో గాజు గ్లాసుల్లో చిన్న దీపాలు. నాలుగింటికి వెళ్ళి మదాం పెరాన్ కిటికీ మీద ఇరవై గ్లాసులు పేర్చి ఇచ్చాను. ఆమె చాలా సంతోషపడింది. చాలాసేపు ఏదో చెప్పింది. అందులో "సెత్" అని ఏడు అంకె వినపడింది. "వీ, వీ, జె రెవియాన్" అని వచ్చేశాను.

సుమనతో కింద ఊళ్ళోకి వెళ్ళాం. మనిషి మీద మనిషి. ఎనిమిదిన్నరకు ఇల్లు చేరాం. రెండో అంతస్తులో మదాం పెరాన్ తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల లైటు వెలుగుతోంది. పెద్దావిడ మరిచిపోయినట్టుందని మెల్లగా దగ్గరికి లాగి వచ్చాను. పొరుగువాళ్ళను మనం కాకపోతే ఎవరు చూసుకుంటారు అని సుమనతో అన్నాను కూడా.

డిసెంబర్ 11, సోమవారం

పొద్దున అంబులెన్స్ వచ్చింది. మదాం పెరాన్‌ను తీసుకుపోయారు. చలికి ఊపిరితిత్తులు పట్టేశాయట. శుక్రవారం సాయంత్రం చాలాసేపు తలుపు తెరుచుకుని కూర్చుందట. డిసెంబర్‌లో ఎవరైనా అలా కూర్చుంటారా? వీళ్ళకు జాగ్రత్త తక్కువ.

డిసెంబర్ 29, శుక్రవారం

పది రోజుల కింద ఆస్పత్రికి వెళ్ళాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపోతోందనుకుని కమలాపండ్లు పెట్టి, మెల్లగా "జె రెవియాన్" అని వచ్చేశాను. తర్వాత వెళ్ళడం కుదరలేదు. కుదరకపోవడానికి నాకేం పనుందో అడక్కూడదు.

జనవరి 19, 2024, శుక్రవారం

మదాం పెరాన్ ఇంటికి వచ్చిందని తెలిసి నాలుగింటికి వెళ్ళాను. లోపల దగ్గు వినపడుతోంది. తలుపు తీయలేదు.

జనవరి 23, మంగళవారం

తీయలేదు.

జనవరి 26, శుక్రవారం

తీయలేదు. అక్క ఫోన్ చేసి, "ఇంచార్జీ, ఏం సంగతి?" అంది.

ఫిబ్రవరి 4, ఆదివారం

వర్షిత భోజనానికి వచ్చింది. రామన్నపేట పిల్ల, ఇక్కడ ఎం.ఎస్సీ. చేస్తోంది. జొన్నరొట్టె కోసం రెండు మెట్రోలు మారి వస్తుంది. నీళ్ళ సీసా కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"అన్నా, గీ చీటీ ఎవరిది?"

"నాదే. ఇక్కడోళ్ళు నా పేరు గట్లనే అంటరు. జఖవ్యా."

"పేరా?" చీటీ ముక్కుకు ఆనించుకుని చదివింది. తర్వాత ఫ్రిజ్ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "అయ్యో అన్నా! గిది పేరు గాదు. మళ్ళొస్త అని రాసిండ్రు. మళ్ళొస్త సారు అంటున్నరు నిన్ను!"

"జఖవ్యా అంటే..."

"నువ్వు జె రెవియాన్ అని పలుకుతవ్ సూడు, దాన్ని ఈళ్ళు గట్ల పలుకుతరు. ఎవరితోనన్న అన్నవా గా మాట?"

"అందరితోటి అంటా. ఇంట్లకెల్లి లేచేటప్పుడు పోయొస్త అనొద్దా?"

"పోయొస్త అని ఈడ ఎవరంటరన్నా? జర బయటికి పోయి ఇప్పుడే మళ్ళొస్త అని అర్థమైతది వాళ్ళకు. కాఫీ పెట్టుకొని కూసుంటరు!"

నేనూ నవ్వాను. ముందు నేనే గట్టిగా నవ్వాను. సుమన మాత్రం నవ్వడం లేదు. పెనం మీద రొట్టె మాడుతున్నా తిప్పడం లేదు.

"మదాం పెరాన్‌తోటి గూడ గట్లనే అన్నవా?"

"ప్రతిసారి."

"పండుగ నాడు?"

"ఆమె ఏదో అడిగింది. ఏడు అని వినబడ్డది. వీ అన్న."

"ఏడింటికి రమ్మని అడిగింది నిన్ను. వస్తనంటివి. నీ కోసం తలుపు తీసి కూసున్నది ముసలామె." సుమన గొంతు తగ్గించింది. "గా తలుపు నువ్వే ఏసి వస్తివి గదయ్యా."

వర్షిత నవ్వు ఆపేసింది. మాడిన రొట్టె నేనే తిన్నాను.

ఫిబ్రవరి 5, సోమవారం

క్యాలెండర్ ముందేసుకుని చూశాను. అక్టోబర్ 6 నుంచి డిసెంబర్ 8 దాకా పందొమ్మిది సార్లు. ఆస్పత్రిలో ఒకటి. ఇరవై సార్లు వస్తానన్నాను. ఇరవై సార్లు రాలేదు. సగం కప్పు కాఫీ పోసింది చెయ్యి వణికి కాదు.

వయసు కదా అని రాశాను. జాగ్రత్త తక్కువ అని రాశాను. కొట్టేద్దామనుకున్నాను. పరిశోధకుడు చదవనీ, బుద్ధొస్తుంది. ఎవరికంటే నాకే.

ఫిబ్రవరి 6, మంగళవారం

సాయంత్రం ఏడింటికి వెళ్ళాను. తీయలేదు.

ఫిబ్రవరి 7, బుధవారం

ఏడింటికి. తీయలేదు. మూడో అంతస్తు పెద్దాయన మెట్లు దిగుతూ గడియారం చూసుకున్నాడు.

ఫిబ్రవరి 8, 9, 10, 11, 12

ఏడింటికి.

ఫిబ్రవరి 13, మంగళవారం

తలుపు తీసింది. చిక్కిపోయింది. శాలువా చుట్టుకుని, లోపలికి రమ్మనకుండా గుమ్మంలోనే నిలబడింది. వర్షిత రాసిచ్చిన ఆరు వాక్యాలు జేబులో ఉన్నాయి. చీటీ తీసి, మళ్ళీ జేబులోనే పెట్టేశాను. నా సొంత ఫ్రెంచిలోనే మొదలుపెట్టాను. తెలుగులో రాస్తే దాని అందం ఇలా ఉంటుంది.

"నేను తప్పు. నేను మాట చెప్పాను. ఆ మాట నా ఊళ్ళో వేరే మాట."

"ఏ మాట?"

"జె రెవియాన్. మా దగ్గర ఇల్లు దాటేటప్పుడు పోతాను అనరు. అంటే చెడు. చచ్చినవాళ్ళు పోతారు. మనిషి ఎక్కడికి వెళ్ళినా పోయి వస్తాను అనాలి."

"అంటే రారని మీకు తెలిసినా, వస్తాను అంటారు?"

"అంటాం."

"విన్నవాళ్ళు ఎదురుచూడరా?"

"చూడరు మదాం. అది మర్యాద. మీ ఓ రెవ్వార్ కూడా మళ్ళీ చూసుకుందాం అనే కదా?"

"అందులో నేను వస్తాను అని లేదు," అంది ఆమె. తర్వాత చాలా మామూలుగా, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. "మీ దగ్గర అందరూ వస్తాననే అంటే, నిజంగా వచ్చేవాడు ఎవడో ఎలా తెలుస్తుంది?"

పదకొండేళ్ళు పాఠాలు చెప్పాను, ఇంత చిన్న ప్రశ్న ఒక్క స్టూడెంటూ అడగలేదు. "తెలీదు" అన్నాను. ఆమె తలుపు వేసుకుంది, విసురుగా కాదు.

శనివారాల సంగతి అడగలేదు. అడిగే మొహం లేదు.

ఫిబ్రవరి 14, బుధవారం

మధ్యాహ్నం అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, ఒకటి అడుగుత. అందరు పోయొస్త అనే అంటరు గద. నిజంగ వచ్చెటోడెవడో, రానోడెవడో ఎట్ల తెలుస్తది?"

"గిదేం సవాలురా? పానం మంచిగున్నదా నీకు?"

"మంచిగనే ఉన్న. చెప్పక్కా."

"ఎట్ల తెలుస్తది! వచ్చినంక తెలుస్తది."

అంతే. మదాం పెరాన్‌కు ఇవ్వాల్సిన జవాబు ఆమె కుక్కర్ దించుతూ చెప్పేసింది. అక్కడితో ఫోన్ పెట్టేసి ఉంటే బాగుండేది.

"నేను గూడ పోయొస్తనని వస్తిని. నువ్వు ఎదురుసూసినవా?"

కుక్కర్ మూత పక్కన పెట్టిన చప్పుడైంది. "మొదటేడు సూసిన. దసరాకు నీ అర్రకు సున్నమేసిన. రెండో ఏడు గూడ ఊడ్చి పెట్టిన. తర్వాత కరోనా అంటివి, కార్డు అంటివి, పరీక్ష అంటివి. ఇగ మంచం తీసి బయటేసి జిరాక్స్ మిషినోళ్ళకు కిరాయికిచ్చిన."

"నాకు చెప్పకపోతివి."

"చెప్తే వస్తుంటివా?"

"కోపమొచ్చిందా అక్కా?"

"కోపమెందుకురా? అందరు గట్లనే అంటరు. నువ్వేమన్న కొత్తగన్నవా?"

ఆ మాటకు ఏడుపొచ్చింది. కోపమొచ్చిందని తిట్టినా బాగుండేది. కొలువు సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. "ఇంచార్జి గాదక్కా. ఇంక ఏమీ కాలే."

"ఎరుకే," అంది. "ఇంచార్జివైతే బుధవారం నాడు పగటీలి గింతసేపు ఫోన్ మాట్లాడుతవా?"

నా మాట నమ్మి కూర్చున్నవాళ్ళు ప్రపంచంలో ఇద్దరు. ఒకరిని ఆస్పత్రి పాలు చేశాను. ఇంకొకరికి నమ్మకపోవడం అలవాటు చేశాను.

ఫిబ్రవరి 16, శుక్రవారం

టికెట్ తీసుకున్నాను. ఏప్రిల్ 26 ఇక్కడ ఎక్కి 27న హైదరాబాద్‌లో దిగడం, మే చివర తిరుగు ప్రయాణం. అక్కకు తేదీ చెప్పాను. "సరే, సూద్దాం" అంది.

మార్చి 1, శుక్రవారం

రోజూ ఏడింటికి మదాం పెరాన్ దగ్గరికి వెళ్తున్నాను. పదిరోజుల కింద కుర్చీ చూపించింది. వారం కింద కాఫీ ఇచ్చింది. ఇవాళ కప్పు నిండా పోసింది. లేచేటప్పుడు "ఓ రెవ్వార్" అని బడిపిల్లవాడిలా ఒప్పజెప్పి వస్తున్నాను. అక్క జవాబు ఆమెకు చెప్పాను. ఆమె రెండుసార్లు చెప్పించుకుని, "మీ అక్క చదువుకుందా?" అని అడిగింది. నన్ను చదివించింది అన్నాను.

మార్చి 12, మంగళవారం

మదాం పెరాన్ చిన్నప్పుడు గల్లీల్లో వినపడిన మగ్గాల చప్పుడును ఇక్కడివాళ్ళు "బిస్తాంక్లాక్" అంటారట. మా గల్లీలో దానికి పేరు లేదు. అది ఆగితేనే ఎవరింట్లో ఏమైందో అని అందరం బయటికి వచ్చేవాళ్ళం. ఈ ముక్క చెబితే ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "సందర్శకులకు ఇది చెప్పాలి" అంది. ఎవరు చెప్పాలో అనలేదు.

మార్చి 29, శుక్రవారం

వచ్చింది! వచ్చింది! శనివారాలు నావే. సంఘానికి నా పేరు చెప్పానని, అందరూ ఒప్పుకున్నారని మదాం పెరాన్ లేచి నిలబడి చెప్పింది. బుగ్గలకు బుగ్గలు ఆనించింది. తాళంచెవి కూడా చూపించింది, జానెడుంది. ఏర్పాట్లు ఆలస్యమయ్యాయి, మొదటి రోజు ఏప్రిల్ 27 అంది. సరేనా అంటే "వీ, వీ!" అన్నాను.

పై అంతస్తుకు వచ్చి సుమనకు చెప్పాక గుర్తొచ్చింది, ఏప్రిల్ 27న నేను హైదరాబాద్‌లో దిగాలి.

ఆ "వీ" నా నోట్లో ఎవరో పెట్టి కుట్టేసినట్టున్నారు.

మార్చి 30, శనివారం

ప్రశాంతంగా ఆలోచిస్తే ఇది పెద్ద సమస్య కాదు. టికెట్ మార్చుకోవచ్చు. అక్టోబర్‌లో సీజన్ అయిపోయాక వెళ్ళొచ్చు. అప్పుడు నిజంగానే కొలువున్నవాడిగా వెళ్తాను, అక్కకే గర్వంగా ఉంటుంది. నిజానికి ఇది అక్క కోసమే. పైగా ఆమె "సూద్దాం" అంది, నమ్మినట్టు కూడా లేదు. జిరాక్స్ వాళ్ళూ ఉన్నారు, వెళితే పడుకునే జాగా కూడా లేదు.

సుమనకు ఇదంతా వివరించాను. ఆమె లాప్‌టాప్ మూసి, "నాకెందుకు చెప్తున్నవ్? అక్కకు చెయ్యి ఫోన్," అంది.

ఏప్రిల్ 2, మంగళవారం

చేశాను. నేను నోరు తెరవకముందే అక్క మొదలుపెట్టింది.

"తమ్మీ, జిరాక్స్ మిషినోళ్ళను ఖాళీ చేయించిన. ఇయ్యాల పొద్దుగాల పోయిండ్రు. గోడకు మసి వట్టింది, సున్నమేస్తున్న. మంచం నవారు కుక్కలు కొరికినయి, కొత్తది అల్లిపిచ్చిన. నీకిప్పుడు నడుము నొప్పి ఉన్నదంటివి గద, బిగువుగ అల్లమన్న."

"వచ్చినంక తెలుస్తదంటివి గదక్కా."

"అన్న."

"మరి రాకముందే ఎందుకు ఖాళీ చేయించినవ్?"

"ఏమోరా," అంది. "తారీకు చెప్పినవ్ గద. ఇంతకుముందు నువ్వెప్పుడు తారీకు చెప్పలే. నువ్వెందుకు చేసినవ్, ఏమన్న చెప్తుంటివి?"

"ఏం లేదక్కా. ఊకెనే చేసిన."

ఏప్రిల్ 3, బుధవారం

ఆరేళ్ళు నన్ను చూసి కూడా తేదీ ఒక్కటి చెబితే మంచం అల్లించింది. ఎంత పిచ్చిది. ఎంత పిచ్చివాణ్ణి.

ఏప్రిల్ 5, శుక్రవారం

మదాం పెరాన్‌కు చెప్పాను. ఈసారి వర్షితను వెంట తీసుకుపోలేదు, చీటీ తీసుకుపోలేదు.

"శనివారం నేను రాలేను. ఐదు శనివారాలు రాలేను."

"ఒప్పుకున్నారు కదా?"

"అర్థం కాకుండా ఒప్పుకున్నాను. నేను అర్థం కానివాటికన్నిటికీ ఒప్పుకుంటాను. మా అక్కకు మాత్రం అర్థమయ్యే చెప్పాను, వస్తానని. ఆమె మంచం వేసి పెట్టింది."

ఆమె కప్పు కింద పెట్టింది. మొదటి ఐదు వారాలు రానివాణ్ణి సంఘం ఉంచుకోదని, ఇంకొకరికి చెప్పక తప్పదని అంది. తెలుసన్నాను. తాళంచెవి బల్ల మీదే ఉంది. దాన్ని తీసి డ్రాయరులో పెట్టి, నా కప్పులో ఇంకొంచెం కాఫీ పోసింది. నాకు ఆ ఉద్యోగం కావాలి. చాలా కావాలి. రాసుకోవడానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఏప్రిల్ 9, మంగళవారం

ఉగాది. వేపపూవు దొరకలేదు. సుమన కాకరకాయ గీరి వేసింది. పచ్చడి పట్టుకెళితే మదాం పెరాన్ రుచి చూసి, నేతగాడి మెదడే నయం అంది.

ఏప్రిల్ 20, శనివారం

శనివారాలకు వేరే అమ్మాయి కుదిరిందట. గ్లోరీ అని, కాలేజీ పిల్ల. మగ్గాలు ఆగిపోతే అందరం బయటికొచ్చే సంగతి ఆమెకు చెప్పమని మదాం పెరాన్ అడిగింది. మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. ఆ పిల్ల చక్కగా రాసుకుంది. నాకంటే బాగా చెబుతుంది, ఆమెకు ఫ్రెంచ్ వచ్చు.

ఏప్రిల్ 25, గురువారం

రేపు ప్రయాణం. ఏడింటికి మదాం పెరాన్ దగ్గరికి వెళ్ళాను. అక్కకు ఇవ్వమని చేతిరుమాలంత పట్టుగుడ్డ ఇచ్చింది, ఆమె తండ్రి నేసిందట. వద్దంటే వినలేదు. మీ అక్క దాని అంచు చూస్తే చాలు, మిగతాది ఆమెకే తెలుస్తుంది అంది.

గుమ్మం దాకా వచ్చింది. నేను తేదీ సిద్ధం చేసుకునే ఉన్నాను. మే 28, మంగళవారం, సాయంత్రం నాలుగు గంటలు. ఫ్రెంచిలో మూడుసార్లు వల్లె వేసుకున్నాను. నోరు తెరిచాను.

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు చెప్పకండి," అంది. "వచ్చాక చెప్పండి."

ఓ రెవ్వార్ కూడా అననివ్వలేదు. నలభై రెండేళ్ళలో మొదటిసారి ఏ మాటా చెప్పకుండా ఒకరి గడప దాటాను. నాలుగో అంతస్తు చేరేదాకా ఆ మాట నా నోట్లోనే ఉంది.